గ్రెట్నా దారా, రాస్ కౌంటీ దారా?

స్కాట్లాండ్‌లో చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు అన్నిటికన్నా పై డివిజన్‌కు ఎక్కడం మాటలు కాదు. గ్రెట్నా క్లబ్బు డబ్బును నమ్ముకుంది. 2002లో లీగ్‌లోకి వచ్చి, యజమాని బ్రూక్స్ మైల్సన్ సొమ్ముతో 2005, 2006, 2007లో వరుసగా మూడు ప్రమోషన్లు కొట్టింది. 2006 స్కాటిష్ కప్ ఫైనల్లో హార్ట్స్ అనే పెద్ద క్లబ్బును పెనాల్టీల దాకా లాక్కెళ్లింది కూడా. తీరా ఆ పై డివిజన్‌కు, అంటే స్కాటిష్ ప్రీమియర్ లీగ్‌కు చేరాక సొంత మైదానం పనికిరాలేదు, మదర్‌వెల్ అనే మరో క్లబ్బు మైదానంలో తలదాచుకోవాల్సి వచ్చింది! మైల్సన్ జబ్బుపడ్డాక డబ్బు ఆగింది. 2008లో క్లబ్బే మూతపడింది.

డింగ్‌వాల్ అనే చిన్న ఊళ్లోని రాస్ కౌంటీ క్లబ్బుకీ రాయ్ మెక్‌గ్రెగర్ అనే ధనవంతుడి అండ దొరికింది, అందులో దాపరికమేం లేదు. కాకపోతే 1994లో లీగ్‌లో చేరితే పై డివిజన్ చూసింది 2012లో. 2016లో లీగ్ కప్ గెలిచింది. నన్నడిగితే ఇదే మేలు, 18 ఏళ్లు ఎదురుచూసిన అభిమాని ఏమంటాడో మరి.