వేసవి శిబిరానికి వార్ధా వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకి

ఇంటర్, డిగ్రీ పిల్లల్ని తీసుకుని మే నెలలో మహారాష్ట్రలోని విదర్భ వెళ్తున్నామంటే తెలిసినవాళ్ళంతా ముందు ఎండ గురించే అడిగారు. అడగాల్సిన మాటే. అక్కడ మేలో 45 డిగ్రీలు దాటడం మామూలు. అయినా మట్టితో, ఆకులతో, వెదురుతో చేసే కళలు ఒకపక్క, శాంతి గురించీ అడవి గురించీ ఆలోచన ఇంకోపక్క ఉండే శిబిరానికి అంతకన్నా తగిన చోటు నాకు కనిపించలేదు. వేరేచోట్ల ఇవన్నీ శిబిరం కోసమని ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తారు. వార్ధా, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో అవి మనుషుల రోజువారీ పనుల్లోనే ఉన్నాయి. పిల్లలు వెళ్ళి ఆ పనిలో చెయ్యి కలిపితే చాలు.

ప్రయాణం తేలికే. కాజీపేట నుంచి బల్లార్షా మీదుగా నాగపూర్ వెళ్ళే లైన్లోనే చంద్రపూర్, వరోరా, సేవాగ్రామ్ స్టేషన్లు ఉన్నాయి. బల్లార్షా, చంద్రపూర్ బొగ్గు గనుల వైపు తెలుగువాళ్ళు చాలామందే స్థిరపడ్డారు కాబట్టి భాష గురించి టెన్షన్ కూడా తక్కువ. వార్ధా వచ్చేసరికి హిందీ, మరాఠీ తప్పవు.

ముందు సేవాగ్రామ్‌లో దిగాం. గాంధీ ఆశ్రమానికి ఎదురుగా రోడ్డు దాటితే యాత్రీ నివాస్. గదులు సాదాగా ఉంటాయి, ఏసీ ఆశించి వెళ్ళకూడదు. శాకాహార భోజనం, తెల్లవారకముందే ప్రార్థన, రాత్రి తొందరగా నిద్ర. మొదటి రాత్రి పిల్లలు కొంచెం సణిగారు. మర్నాడు సాయంత్రం, 1936లో గాంధీ నాటిన రావిచెట్టు దగ్గర సర్వమత ప్రార్థనకి కూర్చున్నాక ఆ సణుగుడు తగ్గింది. ఆడపిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇది నిశ్చింతగా ఉండగలిగే చోటు. రాత్రిపూట ఆవరణలో తిరిగినా భయమనిపించలేదు.

ఆశ్రమాన్ని మ్యూజియంలా చుట్టేసి వచ్చేస్తే గంట కూడా పట్టదు. కానీ అక్కడ నిలబడి చూడాల్సినవి ఉన్నాయి. గాంధీ వచ్చినప్పుడు ఈ ఊరి పేరు సేగావ్. తనకి కట్టే ఇంటికి ఐదువందల రూపాయలు మించి ఖర్చు పెట్టకూడదని, సామాను చుట్టుపక్కల దొరికేదే వాడాలని ఆయన షరతు పెట్టాడు. ఆయన ఉన్న బాపూ కుటీలో మట్టిగోడ మీద ఆయన శిష్యురాలు మీరాబెన్ తన చేత్తో తాటిచెట్లు, రాట్నం ఉబ్బెత్తుగా తీర్చింది. రంగు లేదు, గోడ రంగే దాని రంగు. పక్కనుంచి వెలుతురు పడినప్పుడే ఆకులు లేచి కనిపిస్తాయి. మా పిల్లలు ఆ గోడ ముందు చాలాసేపు కూర్చుని బొమ్మలు గీసుకున్నారు. తర్వాత తామే మట్టి కలిపి పలకల మీద ప్రయత్నించారు. మొదటివి ఎండకి నెర్రెలిచ్చాయి. మట్టిలో ఇసుక, వరి ఊక, కాస్త పేడ పడితేగాని నిలవదని, అదీ ఒక్కో పొర ఆరాకే ఇంకో పొర వెయ్యాలని అక్కడ పనిచేసే ఒక పెద్దాయన చూపించాడు. రెండో విడత పలకలు పగలకుండా ఆరాయి.

అదే ఆశ్రమంలో పాముల్ని పట్టే చెక్క పటకారు, వాటిని పెట్టే బోను కూడా ఉన్నాయి. పాము కనబడితే చంపకుండా పట్టి దూరంగా వదిలేసేవారు. అహింస మీద ఎన్ని మాటలు విన్నా రాని ప్రశ్నలు ఆ బోను దగ్గర వచ్చాయి. విషప్పామైతే? చంటిపిల్లలున్న ఇంట్లో అయితే? ఆ రాత్రి చర్చ అంతా దాని మీదే నడిచింది. నేను ముందే రాసుకెళ్ళిన చర్చాంశం పక్కన పెట్టేశాను.

మొత్తం యాత్రలో నాకు బాగా నచ్చింది మాత్రం వార్ధా పట్నంలోని మగన్ సంగ్రహాలయ. గాంధీ 1938లో తెరిచిన గ్రామీణ పరిశ్రమల సంగ్రహాలయం ఇది. గాంధేయ ఆర్థికవేత్త జె.సి. కుమారప్ప పని చేసింది ఈ సంగ్రహాలయం ఉన్న మగన్‌వాడీలోనే. చెట్ల నుంచి తీసిన రంగులతో ఖద్దరు అద్దకం ఇప్పటికీ నడుస్తోంది. ముందుగా మాట్లాడుకుని వెళ్ళాం కాబట్టి పని దగ్గర కూర్చోనిచ్చారు. నేర్పినావిడని పిల్లలంతా తాయీ (మరాఠీలో అక్క) అని పిలిచారు. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేసిన గుడ్డముక్క ఆవిడ చేతిలో లేత పసుపుగా ఉంది. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి మగ్గబెట్టిన నీళ్ళలో కుంచె ముంచి దాని మీద ఒక గీత గీసింది. నీళ్ళ రంగులో పడ్డ ఆ గీత మేం చూస్తుండగానే బూడిద రంగుకి తిరిగి, కాసేపట్లో నల్లబడిపోయింది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుందని తాయీ చెబుతుంటే, శ్రీకాళహస్తి దగ్గర్నుంచి వచ్చిన కుర్రాడు ఎగిరి గంతేశాడు. “మేడం, మా కలంకారీ నలుపు కూడా ఇదే! మా మామయ్య వాళ్ళింట్లో కుండలో ఊరబెడతారు, వాసనకి పక్కకి వెళ్ళలేం.” అప్పటిదాకా వెనక కూర్చున్నవాడు ఆ పూటకి అందరికీ గురువైపోయాడు.

దానిమ్మ తొక్కతో పసుపు, మంజిష్ఠతో ఎరుపు. ఎరుపు గట్టిగా పట్టాలంటే పటిక కావాలి. ఇంతలో ఒకమ్మాయి “అద్దకం అయ్యాక ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయి?” అని అడిగింది. సహజరంగు అనగానే అన్నీ మంచివే అనుకోకూడదని, రంగు పట్టడానికి క్రోమియం, రాగి లవణాలు వాడితే ఆ నీళ్ళు నేలకీ నీటికీ చేటేనని, పటిక, ఇనుముతో సరిపెట్టుకుంటే ఆ బెడద చాలావరకు తప్పుతుందని అక్కడే మాట్లాడుకున్నాం. పర్యావరణం మీద ఇంతకన్నా మంచి పాఠం మా శిబిరంలో ఇంకొకటి జరగలేదు. ఇలాంటి శిబిరం పెట్టేవాళ్ళు ఈ ఒక్కచోటికి కనీసం ఒక నిండు రోజు కేటాయించాలి. మేం ఒక పూటే పెట్టుకున్నాం, పిల్లలు అసంతృప్తిగానే బస్సెక్కారు.

బస్సు సంగతి కూడా చెప్పాలి. అద్దెకి మాట్లాడుకున్న మినీ బస్సు మాకు చెప్పినది కాదు, వచ్చినది వేరేది. ఏసీ పనిచెయ్యలేదు. మధ్యాహ్నం రెండింటికి బయల్దేరదాం అని డ్రైవరు పట్టుబడితే గట్టిగా కాదనాల్సొచ్చింది. విదర్భలో మేలో ప్రయాణం పొద్దున పదిలోపో, సాయంత్రం అయిదు తర్వాతో పెట్టుకోవాలి. ఈ మాట బండి మాట్లాడేటప్పుడే కాగితం మీద రాయించుకోండి.

పౌనార్‌లో ధామ్ నది ఒడ్డున గాంధీ శిష్యుడు వినోబా భావే 1959లో స్త్రీల కోసం మొదలుపెట్టిన బ్రహ్మవిద్యా మందిరం ఉంది. వ్యవసాయం, వంట, ప్రార్థన అన్నీ అక్కడి అక్కచెల్లెళ్ళే చూసుకుంటారు, నిర్ణయాలు అందరూ ఒప్పుకుంటేనే తీసుకుంటారు. నేల తవ్వుతుంటే బయటపడ్డ పాత శిల్పాలు గోడల పక్కన నిలబెట్టి ఉన్నాయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వందెకరాలు ఇస్తానని లేవడంతో, ఉన్నవాళ్ళు భూమి లేనివాళ్ళకి ఇష్టపూర్వకంగా భూమి ఇచ్చే వినోబా భూదానం మొదలైందని చెబితే, పోచంపల్లి అంటే చీరలే తెలిసిన మా పిల్లలు ఆశ్చర్యపోయారు. గుంపుగా వెళ్ళి సందడి చేసే చోటు కాదిది. చిన్న బృందాలుగా వెళ్తే మంచిది. వార్ధాలోని విశ్వశాంతి స్తూపం, దాని పక్కనే గీతాయీ మందిరం చూడటానికి అందంగా, శుభ్రంగా ఉన్నాయి. అయితే ఒక సాయంత్రం నడక చాలు, చెయ్యడానికి అక్కడ పనేమీ లేదు.

అక్కడినుంచి వరోరా దగ్గరి ఆనందవన్. బాబా ఆమ్టే, సాధనాతాయి 1949లో కొద్దిమంది కుష్టురోగులతో రాళ్ళనేలలో మొదలుపెట్టిన చోటు ఇప్పుడు ఒక పెద్ద ఊరు. మగ్గాలు, వడ్రంగం, గ్రీటింగ్ కార్డుల తయారీ చూపించారు. పాత టైర్లతో కట్టిన చెక్‌డ్యాముల గురించి మా ఇంజినీరింగ్ పిల్లలు వదలకుండా అడిగారు. మనుషులు పనిచేసుకునే చోటు కదా, ఫోటోలు తీసేముందు అడగాలని పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

నిజంగా ఒళ్ళొంచే శిబిరం కావాలంటే చంద్రపూర్ జిల్లాలోనే మూల్ వైపున్న సోమనాథ్. బాబా ఆమ్టే 1960ల చివర్లో యువకుల కోసం మొదలుపెట్టిన శ్రమసంస్కార్ ఛావణీ అనే శ్రమ శిబిరం ఏటా మేలో అక్కడ జరుగుతుంది. పొద్దున్నే పార, తట్టలతో శ్రమదానం, తర్వాత ప్రసంగాలు, చర్చలు, రాత్రి పాటలు. 1985లో కన్యాకుమారి నుంచి కశ్మీర్ దాకా ఆయనతో సైకిళ్ళ మీద వెళ్ళిన యువకుల కథలు ఇప్పటికీ అక్కడ చెబుతారు. మాటలన్నీ దాదాపు మరాఠీలోనే ఉంటాయి కాబట్టి తెలిసినవాళ్ళొకరు పక్కనుండాలి. ఉండటం అందరితో కలిసే. దుప్పటి, టార్చి, దోమతెర మనం పట్టుకెళ్ళాల్సిందే. చేతులు బొబ్బలెక్కాయని ఫోన్లో అమ్మతో ఏడ్చిన పిల్ల, మర్నాడు తట్ట మోసే వరుసలో అందరికన్నా ముందు నిలబడింది.

చివరగా గడ్చిరోలి జిల్లాలోని మెంఢా లేఖా. గోండుల చిన్న ఊరు. అటవీ హక్కుల చట్టం కింద 2009లో, దేశంలోనే మొట్టమొదటగా, సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సాముదాయిక హక్కులు సాధించుకున్న ఊళ్ళలో ఇదొకటి. వెదురు అమ్ముకునే అధికారం కోసం ఇంకా పోరాడి 2011లో అదీ తెచ్చుకున్నారు. 2013లో ఊరి భూమంతా గ్రామదానం చేశారు, అంటే ఎవరి భూమి వాళ్ళ పేరున కాక ఊరి పేరున పెట్టారు. పోచంపల్లి నుంచి ఇక్కడిదాకా ఒకే తీగ అని పిల్లలే పట్టేశారు. ఢిల్లీ, ముంబైలో మా సర్కారు, మా ఊళ్ళో మేమే సర్కారు అన్నది వాళ్ళ నినాదం. గ్రామసభలో ఒక్కరు కాదన్నా నిర్ణయం ఆగుతుంది, మళ్ళీ కూర్చుంటారు. “అలాగైతే ఎప్పటికి తేలుతుంది సార్?” అని మావాడొకడు అడిగితే, అక్కడి పెద్దాయన “మాకు తొందర లేదు, అడవి ఎక్కడికీ పోదు” అన్నాడు. మా పిల్లలు ఆ తర్వాత గిన్నెలు ఎవరు కడగాలన్న విషయం కూడా అదే పద్ధతిలో తేల్చుకున్నారు. రాత్రి పదకొండయింది, కానీ పోట్లాట లేదు.

ఇక్కడికి టూరిస్టుల్లా దిగిపోకూడదు. గ్రామసభకి ముందుగా కబురు పంపి, వాళ్ళు సరేనన్నాకే వెళ్ళాలి. ఊళ్ళో లాడ్జీలు వెతుక్కోవద్దు, బస గడ్చిరోలి పట్నంలో చూసుకోవాలి. ఆస్పత్రి, మందుల షాపు ఎక్కడున్నాయో ముందే కనుక్కోవాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మేం తీసుకెళ్ళినవాటికి రెట్టింపు పడతాయి. వారం మించి సెలవులు లేనివాళ్ళు స్తూపాన్నీ ఆనందవన్‌నీ వదిలేసి సేవాగ్రామ్, మగన్ సంగ్రహాలయ, మెంఢా పెట్టుకోండి. ఉబ్బసం ఉన్న పిల్లల్ని, ఎండదెబ్బ తగిలిన చరిత్ర ఉన్నవాళ్ళని మాత్రం మేలో తీసుకెళ్ళకండి. వాళ్ళకోసం ఇదే దారిలో డిసెంబరులో ఇంకో శిబిరం పెట్టాలని మేం అనుకుంటున్నాం.