పాత దస్తావేజుల్లో సాక్షుల పేర్లు దొరికే సెర్చ్ కావాలంటే ఫ్యామిలీసెర్చ్ వాడండి

పాత ఆస్తి దస్తావేజు చేతికొస్తే మనలో చాలామంది అమ్మిందెవరు, కొన్నదెవరు అని చూసి పక్కన పెట్టేస్తారు. వంశవృక్షం పనికి అసలు సరుకు కింద సాక్షుల దగ్గర ఉంటుందండీ. కానీ పాత ఇండెక్సుల్లో మామూలుగా సాక్షుల పేర్లు ఎక్కించరు, మన మనిషి ఇంకొకరి దస్తావేజుకి సాక్షిగా నిలబడి ఉంటే అది తెలియాలంటే పుస్తకమంతా పేజీ పేజీ తిప్పాల్సిందే.

పూర్వీకుల పాత రికార్డులు వెతుక్కునే వెబ్‌సైట్ ఫ్యామిలీసెర్చ్ వాళ్ల ఫుల్ టెక్స్ట్ సెర్చ్ ఆ శ్రమ తప్పించింది. 2024లో అమెరికా భూమి, వీలునామా రికార్డులతో, మెక్సికో నోటరీ పత్రాలతో మొదలైంది. చేతిరాతని కంప్యూటరే చదువుతుంది కాబట్టి పేజీలో ఏ మూల ఉన్న పేరైనా వెతకొచ్చు. ఖాతా తెరిస్తే చాలు, ఉచితం.

నేను రెండేళ్లుగా వెతుకుతున్న ఒకాయన ఎక్కడా సెంటు భూమి కొన్నట్టు, అమ్మినట్టు లేదు. ఇందులో పేరు కొట్టగానే మూడు దస్తావేజుల్లో సాక్షిగా తేలాడు, మూడూ ఒకే కుటుంబం అమ్మకాలు! మూడోదాంట్లో అమ్మినాయన భార్య తన హక్కు వదులుకుంటున్నట్టు విడిగా, పేరుతో సహా రాసి ఉంది. ఆవిడ ఈయనకి అక్కో చెల్లెలో అయి ఉండొచ్చని ఇప్పుడు ఆ దారిలో తవ్వుతున్నా. సాక్షి అయినంత మాత్రాన చుట్టం అయిపోడు, పొరుగువాడు కావచ్చు. ఊళ్లో అందరి దస్తావేజుల మీదా అదే పేరుంటే ఆఫీసు గుమస్తా అయి ఉంటాడు. ఒకే ఇంటికి మాటిమాటికీ నిలబడ్డవాడినే పట్టుకోండి.

కంప్యూటర్ చదివి టైపులో చూపించేది మాత్రం నమ్మకుండా అసలు పేజీ ఫొటో తెరిచి చూడండి. పాత ఇంగ్లిష్ రాతలో రెండు ఎస్‌లు పక్కపక్కనే వస్తే మొదటిది ఎఫ్‌లా పొడుగ్గా ఉంటుంది, జెస్సీ కాస్తా జెఫ్సీ అయిపోతాడు, అందుకే రెండు రకాలుగానూ కొట్టాలి. తేదీలు కూడా జాగ్రత్త, రిజిస్టర్ ఒక్కోసారి ఏళ్ల తర్వాత అవుతుంది, సాక్షి బతికున్నాడనడానికి రాసిన తేదీయే ఆధారం.

ఇంకోటి, ఆ రిజిస్టర్ పుస్తకాల్లో ఉన్నది సాధారణంగా గుమస్తా దించిన నకలు, సంతకాలు పోల్చడానికి పనికిరాదు. అయినా మనిషి సంతకం బదులు గుర్తు పెట్టి ఉంటే గుమస్తా అది కూడా దించేవాడు. మా మూడు దస్తావేజుల్లోనూ ఆ పేరు మధ్యలో చిన్న ఇంటూ గుర్తు ఉంది, అది చూశాకే మూడు చోట్లా ఒకే మనిషి అని ధైర్యం వచ్చింది.