మా పాపకి ఎపిడియోలెక్స్: ఐదేళ్లు వాడాక

పాప ఫిట్స్‌కి రాసిన ఎపిడియోలెక్స్ సీసా మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు మా అత్తయ్య ఇక్కడే ఉన్నారు. తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చి, కోవిడ్ వల్ల విమానాలు లేక టెక్సస్‌లో మా ఇర్వింగ్‌లోనే ఉండిపోయారు. ఇదేం మందురా అని అడిగితే మా ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశారు. "పసిపిల్లకి గంజాయి పోస్తారా?" అని ఆవిడ ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. ఆవిడ తప్పేం లేదు. టీవీ పెడితే ఏజెన్సీలో గంజాయి లారీ పట్టుకున్నారన్న వార్తే కదా మనం చూసింది.

అది 2020 అక్టోబరు. పాపకి నాలుగేళ్లు. డ్రావే సిండ్రోమ్, అంటే ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో తేడా వల్ల వచ్చే ఫిట్స్ జబ్బు. ఏడో నెలలో టీకా వేయించాక వచ్చిన జ్వరంతో మొదటి ఫిట్ వచ్చింది, ఇరవై నిమిషాలు ఆగలేదు. ఆ తర్వాత జ్వరం వచ్చినా, వేడినీళ్లు పోసినా, ఎండలో ఆడినా ఫిట్సే. వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ అనే ఫిట్స్ మందులు రెండూ వాడుతున్నా నెలకి పది పన్నెండు పెద్దవి వచ్చేవి. వాటిలో ఒకటి రెండు అంబులెన్స్ దాకా వెళ్లేవి.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. టెక్సస్‌లో సీబీడీ (గంజాయి మొక్కలో ఉండే, మత్తు ఎక్కించని పదార్థం) నూనె పెట్రోల్ బంకులో కూడా దొరుకుతుంది. కొలరాడోలో షార్లెట్ ఫీగీ అనే పాపకి ఇదే జబ్బు, గంజాయి నూనెతో ఫిట్స్ బాగా తగ్గాయని చదివి, డాక్టర్‌కి చెప్పకుండా ఒక చిన్న సీసా కొన్నాను. 30 మిల్లీలీటర్లు, మొత్తం 500 మిల్లీగ్రాముల సీబీడీ అని లేబుల్. రోజుకి అర మిల్లీలీటరు చొప్పున రెండు నెలలు పోశాను. అంటే రోజుకి 8 మిల్లీగ్రాములు. ఏమీ తేడా కనిపించలేదు. తర్వాత డాక్టర్‌తో చెబితే ఆవిడ కోప్పడలేదు కానీ, కాగితం తీసి లెక్క వేసి చూపించారు: ట్రయల్స్‌లో ఇచ్చిన మోతాదు ప్రకారం మా పాప బరువుకి రోజుకి 280 మిల్లీగ్రాములు కావాలి. నేను కొన్న సీసా మొత్తం రెండు రోజులకి కూడా చాలదు. పైగా సీసా మీద రాసినంత లోపల ఉంటుందన్న నమ్మకం కూడా లేదట. 2017లో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ సరుకుల్ని పరీక్షిస్తే లేబుల్‌కి సరిపోయినవి నూటికి 31 మాత్రమే. ఆ 84లో 18 సరుకుల్లో మత్తునిచ్చే టీహెచ్‌సీ కూడా కనిపించింది. అది చంటిపిల్లకి పోశానేమో అన్న ఆలోచన ఇప్పటికీ అప్పుడప్పుడు నిద్ర చెడగొడుతుంది.

ఎపిడియోలెక్స్ అలాంటిది కాదు. గంజాయి మొక్క నుంచే తీసినా, శుద్ధి చేసిన కానబిడయాల్ (సీబీడీ అసలు పేరు) ఒక్కటే అందులో మందు. ప్రతి మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు. అమెరికాలో 2018 జూన్‌లో డ్రావే, లెనాక్స్ గస్టో అనే ఫిట్స్ జబ్బులకి అనుమతి వచ్చింది. మామూలు ప్రిస్క్రిప్షన్ మందే. ఇంకా విచిత్రం ఏమిటంటే అది కలిపింది నువ్వుల నూనెలో! ఈ సంగతి విన్నాకే అత్తయ్య కాస్త మెత్తబడ్డారు. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి, 1839లోనే కలకత్తాలో ఓషాఘ్నెసీ అనే డాక్టర్ ఫిట్స్ వస్తున్న నలభై రోజుల పసిగుడ్డుకి గంజాయి టింక్చర్ చుక్కలు వేశాడని కథ చెప్పారు. ఆవిడ "బతికిందా?" అని ఒక్క మాటే అడిగారు. బతికింది.

మోతాదు సంగతికి వస్తే, 14 కిలోల పిల్లకి మొదటి వారం పొద్దున 0.35, రాత్రి 0.35 మిల్లీలీటర్లు. రెండో వారం నుంచి 0.7 చొప్పున. ఆ తర్వాత రెండు నెలలు పట్టింది మాకు సరిపోయే చోటికి రావడానికి. ఇప్పుడు 25 కిలోలు, పూటకి 2 మిల్లీలీటర్లు. మీ పిల్లల లెక్క మీ డాక్టర్ వేయాల్సిందే, నా అంకెలు చూసి వేయకండి. దీంతో పాటు వాడే పక్క మందుల్ని బట్టి అంతా మారిపోతుంది.

ఆ పక్క మందుల దగ్గరే మేం ఎక్కువ కష్టపడ్డాం. మూడో వారంలో పాప రోజంతా తూగుతూ ఉండేది. ముద్ద నోట్లో పెట్టుకునే నిద్రపోయేది. మందు మత్తు, గంజాయి కదా అనుకున్నాను లోపల. అది కాదు. సీబీడీ వల్ల క్లోబజామ్ ఒంట్లో విరిగే దారి అడ్డుపడి, దాని తాలూకు పదార్థం రక్తంలో మూడు రెట్ల దాకా పెరుగుతుందట. క్లోబజామ్ తగ్గించగానే పది రోజుల్లో పిల్ల లేచి కూర్చుంది. ఇక వాల్‌ప్రోయేట్ లివర్‌ని పట్టుకుంది. మొదటి నెల రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే పెరిగే అంకె) మామూలు కంటే మూడు రెట్లు దాటింది. వాల్‌ప్రోయేట్ సగం చేశారు, తర్వాతి నెలకి దిగింది. మందు మొదలుపెట్టే ముందు, తర్వాత ఒకటో నెల, మూడో నెల, ఆరో నెల లివర్ పరీక్ష చేయించాలి. పిల్ల ఏడుస్తుంది, నరం దొరకదు, అయినా ఒక్కటి కూడా మానకూడదు.

విరేచనాలు మోతాదు పెంచిన ప్రతిసారీ వారం పాటు ఉండేవి. ఆకలి చచ్చిపోయింది, పెరుగన్నం కూడా రెండు ముద్దలే. అరకిలో బరువు తగ్గి మళ్లీ ఎక్కడానికి నాలుగు నెలలు పట్టింది.

ఇప్పుడు తిండి. ఇది ఎవరూ మాకు గట్టిగా చెప్పలేదు కాబట్టి నేను గట్టిగా చెబుతున్నా. బాగా కొవ్వున్న తిండితో ఇస్తే ఈ మందు ఖాళీ కడుపుతో ఇచ్చిన దానికంటే నాలుగైదు రెట్లు ఎక్కువ ఒంటికి పడుతుంది. అందుకని ఒకరోజు ఉత్త ఇడ్లీతో, ఇంకోరోజు పూరీలతో ఇస్తే మోతాదు మార్చినట్టే. ఒక ఉగాదికి పాప స్నేహితుల ఇంట్లో నెయ్యి కారే బొబ్బట్లు రెండు తిని, వెంటనే మందు వేసుకుని సాయంత్రం దాకా లేవలేదు. అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి: పొద్దున ఇడ్లీలోకి ఒక చెంచా నెయ్యి, కొంచెం పొడి. రాత్రి గట్టి పెరుగుతో అన్నం. ఎక్కడికి వెళ్లినా అంతే. జనం నవ్వుకుంటారు, నవ్వుకోనీండి.

రుచి స్ట్రాబెర్రీ వాసనే కానీ జిడ్డు. గొంతులో అతుక్కుంటుంది. పాలల్లో కలిపితే సగం గ్లాసుకే అంటుకుంటుంది. బుగ్గ లోపలి వైపు మెల్లగా పోసి వెంటనే ఒక ముద్ద పెట్టడమే. సిరంజి కడిగాక బాగా ఆరాలి, తడి ఉంటే నూనె తెల్లగా మబ్బు పట్టినట్టు అవుతుంది. సీసా తెరిచిన తేదీ మూత మీద రాసుకోండి, 12 వారాలు దాటితే పారేయాల్సిందే. ఫ్రిజ్ అక్కర్లేదు, గడ్డకట్టనివ్వకూడదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ మొత్తం మంచు పట్టి కరెంటు పోయినప్పుడు, ఇంట్లో కూడా వణికిపోతుంటే ఈ సీసాని రెండు రాత్రులు నా జాకెట్ లోపలి జేబులో పెట్టుకుని పడుకున్నాను.

డబ్బు సంగతి మాట్లాడకుండా సమీక్ష పూర్తి కాదు. మార్కెట్లోకి వచ్చినప్పుడు ఏడాదికి సుమారు 32,500 డాలర్లు అన్నారు. ఇన్సూరెన్స్ లేకపోతే మాలాంటి వాళ్లకి కుదరని పని. ఉన్నా ప్రతి ఏడాదీ మళ్లీ అనుమతి తీసుకోవాలి. ఒక ఏడాది ఆ కాగితం ఎవరి టేబుల్ మీదో ఆగిపోయింది. మందుల షాపు వాళ్లు ఇన్సూరెన్స్ అన్నారు, ఇన్సూరెన్స్ వాళ్లు డాక్టర్ ఆఫీసు అన్నారు. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఏమవుతుందో తెలిసిన అమ్మకి ఆ వారం ఎంత టెన్షనో చెప్పలేను. చివరి డోసు పోసిన రోజు సాయంత్రం కొరియర్ వచ్చింది. అప్పటినుంచి గడువుకి రెండు నెలల ముందే ఫోన్లు మొదలుపెడతాను.

ఇంతకీ పనిచేసిందా? నా నోటుబుక్కు చెప్పేది: నెలకి 11, 12 ఉండే పెద్ద ఫిట్స్ ఆరు నెలలకి 5కి వచ్చాయి. ఇప్పటికీ నాలుగైదు దగ్గరే ఆగాయి. ఒక్క ఫిట్ లేకుండా గడిచిన ఎక్కువ రోజులు 23. అంబులెన్స్ పిలిచింది గత రెండేళ్లలో మూడుసార్లే. 2017లో వచ్చిన 120 మంది పిల్లల ట్రయల్లో కూడా ఇంచుమించు ఇదే: మందు తీసుకున్నవాళ్లలో నెలకి 12.4 నుంచి 5.9కి తగ్గాయి, మందు లేని ఉత్త నూనె తీసుకున్నవాళ్లలో 14.9 నుంచి 14.1కి. పూర్తిగా ఆగిపోయింది నూటికి ఐదుగురికి. మా పాప ఆ ఐదుగురిలో లేదు. మొదట్లో దానికి చాలా ఏడ్చాను. కానీ ఫిట్స్ మధ్య ఖాళీ దొరికాక పిల్ల అక్షరాలు దిద్దింది, "తాతా, ఫోన్ పెట్టేయ్" అని వీడియో కాల్లో దబాయిస్తోంది. ఆ ఖాళీకే నేను ఈ మందుకి మార్కులు వేస్తాను.

హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి ఇదే జబ్బున్న పిల్లల అమ్మలు అడుగుతుంటారు, సూపర్ మార్కెట్లో దొరికే హెంప్ గింజల నూనె ఇదేనా అని. కాదు. గింజల్లో సీబీడీ దాదాపు ఉండదు, అది వంటనూనె లాంటిది. ఆయుర్వేదంలో విజయ పేరుతో వచ్చేది ఆకు సారం, అందులో టీహెచ్‌సీ ఉంటుంది. పిల్లల ఫిట్స్‌కి దాన్ని సొంతంగా మొదలుపెట్టొద్దని కాళ్లు పట్టుకుని చెబుతాను. సీసా మీద 'గంజాయి నూనె' అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటే మందు కావు. నేను పెట్రోల్ బంకులో నేర్చుకున్నది అదే.

పోయిన వారం డాక్టర్ ఫెన్‌ఫ్లూరమైన్ అనే ఇంకో ఫిట్స్ మందు కూడా కలుపుదామన్నారు. దానికి ముందు గుండె ఎకో తీయాలి, వాడుతున్నంత కాలం కొన్ని నెలలకోసారి తీస్తూనే ఉండాలి. అపాయింట్‌మెంట్ 14న. ఎపిడియోలెక్స్ మాత్రం అలాగే, పూటకి 2 మిల్లీలీటర్లు, ఇడ్లీలో నెయ్యితో. అత్తయ్య ఈసారి తెనాలి నుంచి నెయ్యి తానే కాచి తెస్తానంటున్నారు.