మనీలాలో ఐదు నెలల కొలువా, గల్ఫ్ విమానమా?

ఫిలిప్పీన్స్‌లో చదువు ముగించిన పేదింటి యువతకు ప్రధానంగా రెండు దారులు కనిపిస్తాయి: స్వదేశంలో దొరికిన పనిలో చేరడం, లేదా విదేశానికి వెళ్లడం.

మొదటి దారిలోని చిక్కును అక్కడివారు ‘ఎండో’ (ఎండ్ ఆఫ్ కాంట్రాక్ట్) అంటారు. ఆరు నెలల ప్రొబేషన్ దాటి కొనసాగిన ఉద్యోగిని పర్మనెంట్‌గా పరిగణించాలని కార్మిక చట్టం చెబుతుంది గనుక, మాల్ కౌంటర్‌లో నిలబడే అమ్మాయిని ఐదో నెలలోనే ఇంటికి పంపి, ఆ స్థానంలో మరొకరిని తీసుకుంటారు. ఆమె మళ్లీ పోలీసు క్లియరెన్సు, వైద్య పరీక్షల కాగితాలు పట్టుకుని ఇంకో కౌంటర్ వెతుక్కోవాలి. తొలిసారి ఉద్యోగార్థులకు ఇలాంటి పత్రాల్లో చాలావాటిని ఉచితం చేస్తూ 2019లో చట్టం వచ్చింది, కానీ ఆ మినహాయింపు ఒక్కసారికే. ఎండోను అరికట్టేందుకు అక్కడి చట్టసభ ‘కాంగ్రెస్’ ఆమోదించిన బిల్లును అదే ఏడాది అధ్యక్షుడు దుతెర్తే వీటో చేశారు.

రెండో దారిలో జీతం ఎక్కువ, ఒప్పందం సాధారణంగా రెండేళ్లు. అయితే ఏజెన్సీ ఒక నెల జీతం వరకు రుసుము తీసుకోవచ్చు. ఇంటిపనివారి నుంచి తీసుకోరాదన్న నిబంధన ఉన్నా, శిక్షణ పేరిట వసూళ్లు జరుగుతుంటాయి. జగిత్యాల, నిజామాబాద్ కుటుంబాలకు ఈ లెక్క కొత్తేమీ కాదు. నా దృష్టిలో విదేశీ కొలువే మెరుగు, కాకపోతే అప్పు చేయకుండా బయలుదేరగలిగినవారికే; మిగిలినవారి తొలి నెలల జీతం ఇల్లు చేరకముందే అప్పులవాళ్లకు చేరుతుంది.