యానివర్సరీకి చార్ల్‌స్టనా, సవానానా?

అమెరికాలో సౌత్ కరోలినాలో చార్ల్‌స్టన్, జార్జియాలో సవానా, రెండూ తిరిగొచ్చాం కాబట్టి చెప్తున్నా, మధ్యలో రెండు గంటల డ్రైవే.

ఖర్చు: చార్ల్‌స్టన్ పాత ఊళ్లో హోటల్ రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. సవానా కాస్త నయం, డాట్ షటిల్ బస్సు ఫ్రీ కూడా.

తిండి: చార్ల్‌స్టన్‌దే పైచేయి. ష్రింప్ అండ్ గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వని వెన్నేసి జారుగా ఉడికించి పైన రొయ్యలు వేస్తారు, మా ఆవిడ ఒక స్పూన్ తిని "ఉప్మానే కదండీ, పచ్చిమిర్చి మర్చిపోయారు" అంది, ప్లేటు మాత్రం ఖాళీ. పేరున్న చోట్ల ముందే టేబుల్ బుక్ చేసుకోవాలి. సవానాలో మిసెస్ విల్క్స్ అనే రెస్టారెంట్‌కి మధ్యాహ్నం లైన్లో నిలబడాలి, లోపల తెలియనివాళ్లతో ఒకే టేబుల్ దగ్గర గిన్నెలు అందించుకుంటూ తినడం, మన బంతి భోజనమే అనుకోండి. శాకాహారులకి రెండు చోట్లా కష్టమే.

షాపింగ్: చార్ల్‌స్టన్ సిటీ మార్కెట్లో గల్లా (Gullah, ఆ తీరంలోని ఆఫ్రికన్ అమెరికన్ల సమూహం) ఆడవాళ్లు మన కళ్లముందే స్వీట్‌గ్రాస్ అనే గడ్డితో బుట్టలు అల్లుతుంటారు, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా వాళ్లతో వచ్చిన పనితనం అది, అరచేతంత బుట్ట కూడా ఖరీదే, బేరమాడబుద్ధి కాలేదు. బ్రాండ్లకి కింగ్ స్ట్రీట్. సవానా రివర్ స్ట్రీట్లో పెకన్ ప్రలీన్లు (పెకన్ గింజలు వేసిన చక్కెర మిఠాయి), వేడిగా రుచికిస్తారు.

రిస్క్: రివర్ స్ట్రీట్ గుండ్రాళ్లు, హీల్స్ వద్దు. నాకు చెప్పు తెగింది.

ఒక్క పెద్ద డిన్నరూ మంచి షాపింగూ కావాలంటే చార్ల్‌స్టన్. చెట్ల కింద చేతులు పట్టుకు నడుస్తాం, బడ్జెట్ తక్కువ, అట్లాంటా నుంచి కార్లో వస్తున్నాం అంటే సవానా.