అమెరికాలో చదువు అప్పు: పదేళ్ల మాఫీయా, రెండేళ్ల ఒప్పందమా, ఏది మేలు?

అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలు డాక్టర్లుగా, నర్సులుగా, టీచర్లుగా చదువు ముగిస్తున్న ఇళ్లలో ఈ ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. పేరుకున్న స్టూడెంట్ లోన్‌ని ప్రజలకు సర్వీస్ చేసే ఉద్యోగంలో చేరి మాఫీ చేయించుకోవాలా, ఎక్కువ జీతం ఇచ్చే ప్రైవేటు ఉద్యోగంలో చేరి తీర్చేయాలా? అడిగినవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒకటే: సర్వీస్ అంటే ఒక్క దారి కాదు. ప్రభుత్వంలోనో లాభాపేక్ష లేని సంస్థలోనో పనిచేస్తూ నెలనెలా కట్టుకుంటూ పోతే పదేళ్ల చివర్లో మిగిలింది మాఫీ అయ్యే దారి ఒకటి. డాక్టర్లు, నర్సులు దొరకని చోట రెండు మూడేళ్లు పనిచేస్తానని సంతకం పెడితే, ప్రభుత్వం డబ్బిచ్చి అప్పు తగ్గించే దారి ఇంకొకటి. రెండింటినీ కలిపి 'మాఫీ స్కీం' అనుకోవడం వల్లే చాలామంది తమకు సరిపడనిది పట్టుకుని కూర్చుంటున్నారు.

ఇవి ఎవరికి పనికిరావో కూడా చెప్పాలి. ఎఫ్-1 వీసా మీద వచ్చిన విద్యార్థులకు అమెరికా ప్రభుత్వ స్టూడెంట్ లోన్లు రావు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకూ, హెచ్-4 మీద పెరిగిన పిల్లలకూ అంతే. పౌరసత్వమో, గ్రీన్ కార్డో, శరణార్థి లాంటి కొన్ని ప్రత్యేక హోదాలో ఉంటేనే వస్తాయి. "మా అబ్బాయికి అక్కడ యూనివర్సిటీలోనే ఉద్యోగం వచ్చింది కదా, ఇక్కడ ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న లోన్ మాఫీ కాదా?" అని హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. కాదు. పదేళ్ల మాఫీ అమెరికా ప్రభుత్వం నేరుగా ఇచ్చిన 'డైరెక్ట్ లోన్స్'కి మాత్రమే.

ఆ పదేళ్ల పథకం పేరు పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్. అందరూ పీఎస్‌ఎల్‌ఎఫ్ అంటారు. 2007లో వచ్చిన చట్టం ఇది. వారానికి కనీసం 30 గంటలు అర్హత ఉన్న సంస్థలో పనిచేస్తూ, ఆదాయాన్ని బట్టి నిర్ణయించే ప్లాన్‌లో 120 నెలల కిస్తీలు కట్టాలి. వరసగా కట్టాలని లేదు. మధ్యలో ఉద్యోగం మారొచ్చు, మానేసి మళ్లీ చేరొచ్చు, లెక్క ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. మాఫీ అయ్యే మొత్తానికి పరిమితి లేదు, దాని మీద ఫెడరల్ పన్ను లేదు. ముఖ్యంగా, మీరు ఎవరికీ ఏ మాటా ఇవ్వనక్కర్లేదు. ఆరేళ్లు చేసి వద్దనుకుంటే వెళ్లిపోవచ్చు, జరిమానా ఉండదు, మాఫీ రాదంతే.

దీనికి చెడ్డపేరు రావడానికి కారణం ఉంది. 2017 అక్టోబరులో మొదటి దరఖాస్తులు తీసుకున్నప్పుడు దాదాపు 99 శాతం తిరస్కరించారు. లోన్ రకం సరైనది కాదని, ప్లాన్ సరైనది కాదని వెనక్కి పంపారు. 2021 నుంచి నిబంధనలు సడలించాక పరిస్థితి మారింది, 2024 అక్టోబరు నాటికి పది లక్షల మందికి పైగా మాఫీ అందింది. కాబట్టి 'అది ఎవరికీ రాదు' అన్న పాత మాటను నమ్మి దీన్ని వదులుకోకండి.

ఒప్పందం దారిలో పెద్దది నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ అనే ప్రభుత్వ పథకం. వైద్యులు చాలని ప్రాంతంలో, వాళ్లు ఆమోదించిన క్లినిక్‌లో రెండేళ్లు పూర్తికాలం పనిచేస్తే ఫ్యామిలీ మెడిసిన్, పిల్లల వైద్యం లాంటి ప్రైమరీ కేర్ డాక్టర్లకు 2024 నుంచి 75,000 డాలర్ల వరకు ఇస్తున్నారు. డెంటిస్టులకు, మానసిక ఆరోగ్య నిపుణులకు 50,000 వరకు. దీని మీదా పన్ను లేదు. ప్రైవేటు బ్యాంకు నుంచి తీసుకున్న చదువు లోన్‌కి కూడా ఈ డబ్బు వాడుకోవచ్చు, ఇది పీఎస్‌ఎల్‌ఎఫ్‌లో లేని సౌకర్యం. కానీ గ్రీన్ కార్డు సరిపోదు, పౌరసత్వం కావాలి. దరఖాస్తు చేసిన అందరికీ రాదు, కొరత ఎక్కువున్న చోటికే ముందు వెళ్తుంది. మధ్యలో వదిలేస్తే చాలా కష్టం: పని చేయని కాలానికి ఇచ్చిన డబ్బుతో పాటు, మిగిలిన ప్రతి నెలకూ 7,500 డాలర్లు, పైగా వడ్డీ కట్టాలి. పెళ్లి కుదిరో, తల్లిదండ్రులకు ఒంట్లో బాగోలేకో ఊరు మారాల్సి వచ్చేలా ఉంటే సంతకం పెట్టకముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

ఆ ప్రాంతాలు ఎలాంటివో మన పెద్దవాళ్లకు కొత్త కాదు. జె-1 వీసా మీద రెసిడెన్సీ (మెడికల్ స్కూల్ తర్వాత ఆసుపత్రిలో జీతంతో చేసే శిక్షణ) చేసి, స్వదేశానికి తిరిగి వెళ్లక్కర్లేకుండా మినహాయింపు కోసం 'కాన్‌రాడ్ 30' కింద చిన్న ఊళ్లలో మూడేళ్లు పనిచేసిన తెలుగు డాక్టర్లు ఎందరో ఉన్నారు. అప్పుడు వాళ్లు వీసా కోసం వెళ్లిన తరహా ఊళ్లకే ఇప్పుడు వాళ్ల పిల్లలు అప్పు కోసం వెళ్లాలా అని ఆలోచిస్తున్నారు. ఆ అనుభవం ఇంట్లో ఉన్నవాళ్లు దాన్ని వాడుకోవాలి. క్లినిక్‌లో పని ఒత్తిడి ఎలా ఉంటుంది, పక్క ఊరికి ఎంత దూరం, చలికాలం ఎలా గడుస్తుంది అన్నవి ఏ వెబ్‌సైటూ చెప్పదు.

ఇక లెక్క చూద్దాం. ఒక ఫ్యామిలీ మెడిసిన్ డాక్టరు, ఒంటరి, 2.5 లక్షల డాలర్ల అప్పు, వడ్డీ 7 శాతం అనుకుందాం. రెసిడెన్సీ మూడేళ్లు 65,000 జీతం, ఆ తర్వాత 2.4 లక్షలు. 2025 చట్టం తెచ్చిన, ఆదాయాన్ని బట్టి కట్టే కొత్త ప్లాన్ ఆర్‌ఏపీ (రీపేమెంట్ అసిస్టెన్స్ ప్లాన్)లో రెసిడెన్సీలో నెలకు సుమారు 325 డాలర్లు, తర్వాత సుమారు 2,000 కట్టాలి. కిస్తీ పోగా మిగిలిన వడ్డీని ఆ ప్లాన్‌లో ప్రభుత్వమే వదిలేస్తుంది కాబట్టి రెసిడెన్సీలో అప్పు పెరగదు. లాభాపేక్ష లేని ఆసుపత్రిలో చేసిన రెసిడెన్సీ కూడా 120 నెలల్లో లెక్కకొస్తుంది, చాలామంది గమనించని పెద్ద లాభం ఇదే. పదేళ్లలో చేతి నుంచి పోయేది సుమారు 1.8 లక్షలు. మాఫీ అయ్యేది సుమారు 1.9 లక్షలు.

అదే డాక్టరు రెసిడెన్సీ అవగానే హెల్త్ సర్వీస్ కోర్‌లో చేరి 75,000 అప్పు మీద వేసి, మిగతాది ఐదేళ్లలో కట్టేస్తే మొత్తం పోయేది సుమారు 2.2 లక్షలు. ఏ సర్వీసూ లేకుండా ప్రైవేటులో చేరి ఐదేళ్లలో తీర్చేస్తే సుమారు 3.1 లక్షలు.

చూడగానే పీఎస్‌ఎల్‌ఎఫ్ గెలిచినట్టే ఉంది. అయితే అప్పును 1.5 లక్షలకు తగ్గించి అదే లెక్క వేయండి. పదేళ్ల చివర్లో మాఫీ అయ్యేది 30,000 లోపే, ఎందుకంటే పెద్ద జీతం మీద కిస్తీలు అప్పును దాదాపు తీర్చేస్తాయి. రెండేళ్లకే 75,000 ఇచ్చే ఒప్పందం ముందు అది నిలవదు. ఈ జీతాలకు, ఈ వడ్డీకి రెండు దారులూ సమానమయ్యే చోటు రెండు లక్షలకు కాస్త పైన ఉంటుంది. అంతకంటే అప్పు ఎక్కువైతే పదేళ్ల దారి, తక్కువైతే ఒప్పందం. ప్రైవేటు దారి పీఎస్‌ఎల్‌ఎఫ్‌ను దాటాలంటే జీతం ఏడాదికి కనీసం 30,000 డాలర్లు ఎక్కువ రావాలి, పన్ను పోగా మిగిలేది అప్పుడే ఆ తేడాను పూడుస్తుంది. కొన్ని ఊళ్లలో నిజంగానే అంత తేడా ఉంటుంది. అలాంటప్పుడు మాఫీ కోసం తక్కువ జీతానికి కట్టుబడటం నా దృష్టిలో తప్పు.

స్పెషలిస్టుల విషయంలో ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. సర్జరీ, కార్డియాలజీ లాంటివి ఎంచుకున్నవాళ్లకు హెల్త్ సర్వీస్ కోర్ తలుపు తెరవదు. వాళ్ల శిక్షణే ఐదు నుంచి ఏడేళ్లు. ఆ కాలమంతా చిన్న కిస్తీలతో పీఎస్‌ఎల్‌ఎఫ్ లెక్క నడుస్తుంది. శిక్షణ అయ్యాక యూనివర్సిటీ ఆసుపత్రిలో మూడు నుంచి ఐదేళ్లు చేస్తే చాలు. పరిశోధన వైపు మొగ్గు ఉంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వారి లోన్ రీపేమెంట్ కూడా ఉంది, ఏడాదికి 50,000 డాలర్ల వరకు ఇస్తారు, గ్రీన్ కార్డు ఉన్నా చాలు.

ఇప్పుడు కొత్తగా మెడికల్ స్కూల్లో చేరేవాళ్లకు ఒక మార్పు చాలా ముఖ్యం. 2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి గ్రాడ్ ప్లస్ లోన్లు (డిగ్రీ తర్వాతి చదువులకు ప్రభుత్వం ఇచ్చే అదనపు లోన్లు) కొత్తవారికి ఉండవు. మెడిసిన్ లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షలకు మించదు. అంటే ఇందాకటి లెక్కలో సమానమయ్యే చోటికి కొంచెం కింద ఆగిపోతుంది. పైన కావాల్సింది ప్రైవేటు లోన్, దానికి పీఎస్‌ఎల్‌ఎఫ్ వర్తించదు, ఒప్పందం డబ్బు వర్తిస్తుంది. అందుకే ప్రైమరీ కేర్ ఖాయం అనుకున్న కొత్త విద్యార్థులకు నా సలహా మారింది: ముందు హెల్త్ సర్వీస్ కోర్ చూడండి. ఆ క్లినిక్ లాభాపేక్ష లేనిదైతే, నెలనెలా కిస్తీలు ఆపకపోతే, ఆ రెండేళ్లు పీఎస్‌ఎల్‌ఎఫ్ లెక్కలోకీ వస్తాయి కాబట్టి ఆ దారి మూసుకుపోదు.

నర్సులకు జవాబు సూటిగా ఉంది. 40,000 డాలర్ల అప్పు, 80,000 జీతం ఉన్న నర్సుకి ఆదాయం బట్టి వచ్చే కిస్తీ మామూలు పదేళ్ల కిస్తీ అంతే పడుతుంది, చివర్లో మాఫీకి ఏమీ మిగలదు. నర్సుల కోసం ఉన్న ప్రభుత్వ ఒప్పంద పథకం నర్స్ కోర్ అయితే కొరత ఉన్న ఆసుపత్రిలో రెండేళ్లకు అప్పులో 60 శాతం, మూడో ఏడాది చేస్తే ఇంకో 25 శాతం కడుతుంది. అయితే దీని మీద పన్ను ఉంటుంది, అది ముందే లెక్కేసుకోవాలి. జీతంతో పోలిస్తే అప్పు బరువు ఎక్కువున్నవాళ్లకే ప్రాధాన్యం ఇస్తారు కాబట్టి మొదటిసారి రాకపోయినా మళ్లీ ప్రయత్నించాలి.

టీచర్లకు ఇంకో రకం ఉంది. పేద పిల్లలు ఎక్కువగా చదివే, ప్రభుత్వ జాబితాలో ఉన్న బడిలో వరసగా ఐదు విద్యా సంవత్సరాలు చెప్తే, హైస్కూల్ స్థాయి లెక్కలు, సైన్స్ టీచర్లకూ స్పెషల్ ఎడ్యుకేషన్ వాళ్లకూ 17,500 డాలర్ల వరకు, మిగతావారికి 5,000 వరకు తగ్గిస్తారు. ఆ ఐదేళ్లను పీఎస్‌ఎల్‌ఎఫ్ కోసం రెండోసారి లెక్కపెట్టరు. 28,000 అప్పున్న లెక్కల టీచరుకి 17,500 తీసుకోవడమే మేలు. మాస్టర్స్ కూడా చేసి 90,000 అప్పున్న ఎలిమెంటరీ టీచరు ఆ 5,000 కోసం ఐదేళ్ల లెక్క పోగొట్టుకోకూడదు.

టీచర్లు కావాలనుకునే విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే టీచ్ గ్రాంట్ గురించి మాత్రం నాకు భయం. చదివేటప్పుడే డబ్బిస్తారు, ఎనిమిదేళ్లలో నాలుగేళ్లు అవసరమున్న సబ్జెక్టు, అవసరమున్న బడిలో చెప్పాలి. లేకపోతే గ్రాంట్ మొత్తం లోన్‌గా మారుతుంది, అదీ డబ్బిచ్చిన రోజు నుంచి వడ్డీతో. పద్దెనిమిదేళ్ల పిల్ల తన భవిష్యత్తు గురించి అంత గట్టిగా చెప్పగలదా అన్నది తల్లిదండ్రులు ఆలోచించాలి.

ఐటీలో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. రాష్ట్ర ప్రభుత్వ ప్రాజెక్టులో, ప్రభుత్వ భవనంలోనే కూర్చుని పనిచేస్తున్నా, జీతం చెక్కు కన్సల్టెన్సీ నుంచి వస్తే పీఎస్‌ఎల్‌ఎఫ్‌కి లెక్క రాదు. డబ్ల్యూ-2 (ఏటా జీతం, పన్ను వివరాలతో యజమాని ఇచ్చే ఫారం) ఏ సంస్థ ఇస్తే వాళ్లే యజమాని. డాక్టర్లకు కాలిఫోర్నియా, టెక్సస్‌లో మాత్రం 2023 జూలై నుంచి ఒక మినహాయింపు ఉంది, అక్కడ ఆసుపత్రులు వైద్యుల్ని నేరుగా ఉద్యోగంలో పెట్టుకోవడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకోదు కాబట్టి.

డాక్టరు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పెళ్లి చేసుకున్న ఇళ్లలో ఇంకో మెలిక ఉంది. పన్నులు కలిపి ఫైల్ చేస్తే ఇద్దరి జీతం మీద కిస్తీ పడుతుంది. విడివిడిగా ఫైల్ చేస్తే అప్పున్నవారి జీతం మీదే పడుతుంది కానీ కొన్ని పన్ను రాయితీలు పోతాయి. ఏటా రెండు రకాలుగానూ లెక్క వేయించి తక్కువ ఖర్చయ్యేది ఎంచుకోవాలి.

ఏ దారి పడతారో తేలేదాకా ఫెడరల్ లోన్‌ని ప్రైవేటు బ్యాంకులో రీఫైనాన్స్ చేయొద్దు. వడ్డీ ఒకటి రెండు శాతం తగ్గుతుందని ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఒక్కసారి మారితే ఆ లోన్ మళ్లీ ఫెడరల్ కాదు, అప్పటిదాకా కట్టిన నెలలూ పోతాయి. పీఎస్‌ఎల్‌ఎఫ్ ఎంచుకున్నవాళ్లు ఏటా ఒకసారి, ఉద్యోగం మారిన ప్రతిసారీ, యజమాని సంతకంతో ఫారం పంపి ఎన్ని నెలలు లెక్కకొచ్చాయో చూసుకోవాలి. పదో ఏట పాత యజమానుల సంతకాల కోసం తిరగడం కంటే ఇది చాలా తేలిక.