యోసెమిటీ అడవిలో రాత్రి బస: పర్మిట్లు, నిబంధనలు, వాటిని అమలు చేసే రేంజర్లు

బే ఏరియాలోని, అంటే శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లోని తెలుగువారిలో చాలామంది కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయ పార్కును పగటిపూట చూసి వచ్చినవారే. లోయలో కారు ఆపుకుని, జలపాతాలు చూసి, వెంట తెచ్చుకున్న పులిహోర తిని, చీకటి పడేలోగా తిరుగు ప్రయాణం కడతారు. అయితే ఆ పార్కులో దాదాపు 94 శాతం భూభాగం, అంటే 7 లక్షల ఎకరాలకు పైగా, 1984లో చట్టరీత్యా వైల్డర్‌నెస్‌గా, అంటే సహజ స్థితిలోనే ఉంచవలసిన అడవిగా ప్రకటించబడింది. అక్కడికి రోడ్లు ఉండవు, కాలినడకన వెళ్ళవలసిందే. ఆ ప్రాంతంలో రాత్రి గడపాలంటే ఏడాదిలో ఏ రోజైనా పర్మిట్ తప్పనిసరి. కారు పక్కనే గుడారం వేసుకునే క్యాంప్‌గ్రౌండ్ రిజర్వేషన్ వేరు, ఈ పర్మిట్ వేరు. మొదటిసారి వెళ్ళేవారిలో చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుని ఇబ్బంది పడుతున్నారు కనుక ఈ సంగతి ముందుగా చెబుతున్నాను.

యోసెమిటీలో కోటాను నడక మొదలుపెట్టే చోటును బట్టి, అంటే ట్రెయిల్‌హెడ్ వారీగా నిర్ణయిస్తారు. ఒక్కో ట్రెయిల్‌హెడ్ నుంచి రోజుకు ఇంతమంది అని పరిమితి ఉంటుంది. మొదటి రాత్రి దాటాక ఎటు వెళ్ళాలన్నది చాలావరకు మన ఇష్టం. కోటాలో 60 శాతాన్ని 24 వారాల ముందు రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో లాటరీ ద్వారా ఇస్తారు. మిగిలిన 40 శాతం ప్రయాణానికి 7 రోజుల ముందు ఉదయం 7 గంటలకు తెరుచుకుంటుంది. హ్యాపీ ఐల్స్ వంటి పేరున్న చోట్లకు లాటరీలో అవకాశం దక్కడం చాలా కష్టం. పార్కులోని ఎత్తైన ప్రాంతం గుండా సాగే టయోగా రోడ్డు వెంట ఉన్న ట్రెయిల్‌హెడ్‌లను, అందులోనూ వారం మధ్య రోజులను ఎంచుకున్నవారికి అంత కష్టం ఉండదు. ఆ రోడ్డు చలికాలమంతా మంచు వల్ల మూసి ఉంటుంది, మే నెలాఖరులోనో జూన్‌లోనో గాని తెరవరు. కాబట్టి ఆ వైపు వెళ్ళాలనుకునేవారు జూలై, ఆగస్టు నెలలను చూసుకోవడం మేలు.

మొత్తం ఏర్పాటులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది పర్మిట్‌ను చేతికి ఇచ్చే పద్ధతి. లాటరీలో వచ్చింది రిజర్వేషన్ మాత్రమే. అసలు పర్మిట్ కోసం బృంద నాయకుడుగాని, ముందుగా నమోదు చేసిన ప్రత్యామ్నాయ నాయకుడుగాని ప్రయాణం రోజునో అంతకు ముందు రోజునో, పర్మిట్లు ఇచ్చే పార్కు కార్యాలయమైన వైల్డర్‌నెస్ సెంటర్‌కు స్వయంగా వెళ్ళాలి. మేము వెళ్ళినప్పుడు అక్కడ కౌంటర్ వెనుక ఉన్న రేంజర్ మా మార్గాన్ని పటం మీద వేలితో చూపిస్తూ, మొదటి రాత్రి ఎక్కడ ఉంటారని అడిగింది. గుడారం నీటికీ బాటకూ 100 అడుగుల దూరంలో ఉండాలని, 9,600 అడుగుల ఎత్తు దాటాక మంట వేయరాదని, మలవిసర్జనకు 6 అంగుళాల గొయ్యి తవ్వాలని, వాడిన కాగితాన్ని పాతిపెట్టకుండా వెంట తెచ్చేయాలని ఒక్కొక్కటిగా వివరించింది. ఆ తరువాత ఆమె వేసిన ప్రశ్న, “టూత్‌పేస్టు ఎక్కడ పెడతారు?” అని. మా బృందంలో ఒకరు వీపు సంచి పక్క జేబులో అన్నారు. అది కూడా ఎలుగుబంటి డబ్బాలోనే, అంటే ఎలుగుబంట్లు తెరవలేని ఆహారపు డబ్బాలోనే పెట్టాలని, సన్‌స్క్రీన్, లిప్ బామ్ వంటి వాసన ఉన్న ప్రతి వస్తువుకూ ఇదే వర్తిస్తుందని, కారణంతో సహా చెప్పింది. ఇవన్నీ వెబ్‌సైటులోనూ ఉన్నాయి, మేమందరమూ చదివామనే అనుకున్నాము. మనిషి ఎదురుగా నిలబడి అడిగినప్పుడు మాత్రమే అవి మనసుకు పట్టాయి.

ఆ డబ్బా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది నల్లటి గట్టి ప్లాస్టిక్‌తో చేసిన పీపా వంటిది. మూత మీద ఉన్న రెండు గొళ్ళేలను నాణెంతో తిప్పితే తెరుచుకుంటుంది, ఎలుగుబంటి గోళ్ళకు మాత్రం లొంగదు. వైల్డర్‌నెస్ సెంటర్‌లోనే కొద్దిపాటి అద్దెకు ఇస్తారు. మన వంటకాలకు దాంట్లో చోటు దొరకడం కష్టమన్నది నిజం. చపాతీలను మడిచి, అటుకులను, కందిపొడిని సంచుల్లో గాలి తీసి సర్దితే ఇద్దరికి రెండు రాత్రుల తిండి పడుతుంది. సీసాలోని ఆవకాయను ఇంట్లోనే వదిలేయాలి. రాత్రి ఆ డబ్బాను గుడారానికి దూరంగా, దొర్లిపోని చోట, నేల మీద ఉంచాలి. చెట్టుకు కట్టరాదు.

ఈ పట్టుదల వెనుక చరిత్ర ఉంది. 1998లో ఒక్క యోసెమిటీలోనే మనుషుల తిండికి అలవాటు పడిన ఎలుగుబంట్లు 1,500కు పైగా సంఘటనలకు కారణమయ్యాయి. కార్ల తలుపులు చీల్చాయి. అలా ధైర్యం పెరిగిన ఎలుగుబంట్లను చివరకు చంపవలసి వచ్చేది. డబ్బాలు, ఉక్కు పెట్టెలు, రాత్రి గస్తీలు, జరిమానాలు అన్నీ కలిసి ఆ సంఖ్యను నేడు ఎంతో తగ్గించాయి. నియమం కాగితం మీద ఉండడమే కాక, దాన్ని అడిగే మనుషులు, పాటించడానికి కావలసిన వస్తువులు కూడా దగ్గరలోనే ఉండడం వల్ల ఇది సాధ్యమైందని నా నమ్మకం.

బసల విషయానికి వస్తే, వైల్డర్‌నెస్ పర్మిట్ ఉన్నవారికి నడకకు ముందు ఒక రాత్రి, తరువాత ఒక రాత్రి లోయలోని బ్యాక్‌ప్యాకర్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండే వీలుంది. రిజర్వేషన్ అక్కరలేదు, తలకు 8 డాలర్లు. లోయలోని హోటళ్ళకు నెలల ముందే గదులు నిండిపోతాయి కనుక ఇది గొప్ప వెసులుబాటు. కార్లు లోపలికి రావు, అందువల్ల రాత్రి సద్దుమణిగి ఉంటుంది. హ్యాపీ ఐల్స్ నుంచి 4 మైళ్ళకు పైగా ఎక్కితే వచ్చే లిటిల్ యోసెమిటీ వ్యాలీలో మరుగుదొడ్డి, ఆహారం దాచుకునే ఉక్కు పెట్టెలు, సమీపంలో రేంజర్ స్థావరం ఉన్నాయి. మొదటిసారి అడవిలో పడుకునేవారికి అది ధైర్యం ఇచ్చే చోటు. ఏకాంతం కోరేవారికి మాత్రం నచ్చదు, గుడారాలు దగ్గరదగ్గరగా ఉంటాయి.

యోసెమిటీలోని హాఫ్ డోమ్ అనే రాతి శిఖరం మీదికి పట్టుకుని ఎక్కే ఉక్కు తాళ్ళకు వేరే అనుమతి కావాలి. ఒకప్పుడు సెలవు రోజుల్లో వెయ్యిమందికి పైగా ఆ తాళ్ళ మీద ఎక్కేవారు. మేఘాలు కమ్మితే వెనక్కు దిగడానికి దారి ఉండేది కాదు. 2010లో వారాంతాలకు, 2011 నుంచి ప్రతి రోజుకూ పర్మిట్ పెట్టి, తరువాత రోజుకు సుమారు 300 మందికి పరిమితం చేశారు. అందులో దాదాపు 75 చోట్లు అడవిలో బస చేసేవారికి కేటాయిస్తారు. పర్మిట్ లేకుండా ఎక్కితే 5,000 డాలర్ల వరకు జరిమానా, 6 నెలల వరకు జైలు పడవచ్చు. శిఖరం కింద రేంజర్ మా కాగితాన్ని, గుర్తింపు కార్డును సరిచూసి, వాన మొదలైతే తాళ్ళ జోలికి వెళ్ళవద్దని చెప్పి పంపాడు. మా ముందున్న ఇద్దరిని పర్మిట్ లేనందున మర్యాదగానే, కాని ఖచ్చితంగా వెనక్కు పంపాడు. వారు చాలాసేపు వాదించినా ఆయన గొంతు పెంచలేదు.

తాహో సరస్సు పక్కనున్న డెసొలేషన్ వైల్డర్‌నెస్ పద్ధతి వేరు. సుమారు 64,000 ఎకరాల ఆ చిన్న ప్రాంతాన్ని 45 జోన్లుగా విభజించి, మొదటి రాత్రి ఏ జోన్‌లో ఉంటారన్న దాన్ని బట్టి వేసవిలో కోటా పెడతారు. మంటలు ఏడాది పొడవునా నిషేధం, 2022 నుంచి ఎలుగుబంటి డబ్బా తప్పనిసరి. పర్మిట్‌ను ఇంట్లోనే అచ్చు వేసుకోవచ్చు. ఉద్యోగం ముగించుకుని శుక్రవారం సాయంత్రం బయలుదేరేవారికి ఈ సౌలభ్యం చిన్నది కాదు. నడక తక్కువ, సరస్సులు ఎక్కువ కనుక పిల్లలతో వెళ్ళడానికి యోసెమిటీ కంటే ఇదే మేలని నా అభిప్రాయం. కాని కౌంటర్ దగ్గర జరిగే ఆ పది నిమిషాల మాటలు ఇక్కడ ఉండవు, పెద్దవారే పిల్లలకు చెప్పుకోవాలి.

ఆ మాటలు లేనప్పుడు ఏమవుతుందో సియర్రా పర్వతాలలోనే మరొక సరస్సు ఒడ్డున చూశాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. నీటికి పది అడుగుల దూరంలో వరుసగా గుడారాలు, కొత్తగా పేర్చిన రాళ్ళ మధ్య సగం కాలిన దుంగలు, చెట్టు కొమ్మకు వేలాడుతున్న తిండి సంచులు కనిపించాయి. బూడిదలో కరిగి ముడుచుకుపోయిన నూడుల్స్ పొట్లాలు ఉన్నాయి. అక్కడ ఉన్నవారితో మాట్లాడితే, వారందరికీ పర్మిట్ ఉంది, కాగితం తీసి చూపించారు కూడా. వారు చెడ్డవారు కారు. ఆ కాగితం వెనుక ఏముందో వారికి ఎవరూ చదివి వినిపించలేదు, ఉన్నన్ని రోజులూ ఎవరూ వచ్చి అడగలేదు.

సియర్రాలోని ఎత్తైన శిఖరమైన మౌంట్ విట్నీ గురించి రెండు మాటలు. రాత్రి బసకు రోజుకు 60 మందికి, పగటి నడకకు 100 మందికి మాత్రమే అనుమతి. లాటరీ ఫిబ్రవరి 1న మొదలవుతుంది. చెట్లు, మట్టి లేని రాతి నేల కనుక మలాన్ని సైతం సంచిలో మూటకట్టి కిందికి మోసుకురావాలి. మన పెద్దవారిని తీసుకువెళ్ళే చోటు కాదు.

2025 ఫిబ్రవరిలో, జాతీయ పార్కులను నడిపే నేషనల్ పార్క్ సర్వీసు నుంచి సుమారు 1,000 మంది ఉద్యోగులను తొలగించారన్న వార్త చదివినప్పుడు నాకు వెంటనే గుర్తుకొచ్చింది ఆ టూత్‌పేస్టు ప్రశ్న. లాటరీని కంప్యూటర్ నడుపుతుంది, దానికి మనుషులు అక్కరలేదు. గుడారాన్ని నీటికి దూరంగా జరపమని చెప్పడానికి మాత్రం బూట్లు వేసుకుని కొండెక్కే మనిషి కావాలి. దరఖాస్తు రుసుము మరో 5 డాలర్లు పెంచి, ఆ సొమ్మును అటువంటి ఉద్యోగాలకే కేటాయిస్తామంటే నేను సంతోషంగా చెల్లిస్తాను.

వచ్చే వేసవికి యోసెమిటీకి వెళ్ళదలచినవారు ఆగస్టు మధ్య ప్రయాణానికి ఫిబ్రవరి చివరి వారంలోనే లాటరీకి దరఖాస్తు చేయాలి. లాటరీ వారం ఆదివారం మొదలై శనివారం ముగుస్తుంది, ఫలితం సోమవారం వస్తుంది, గురువారంలోగా అంగీకరించాలి. బృందంలో 15 మందికి మించరాదు, బాట వదిలి నడిచేచోట 8 మందికి మించరాదు. స్నేహితులందరినీ కలుపుకుని పెద్ద గుంపుగా వెళ్ళే అలవాటు ఉన్న మనం ఈ లెక్కను మొదటే చూసుకోవాలి. ప్రత్యామ్నాయ నాయకుడి పేరు నమోదు చేయడం మరవరాదు. చివరి వారంలో ఎవరైనా రాలేమంటే వెబ్‌సైటులో వారి స్థానాన్ని అప్పుడే రద్దు చేయాలి, ఆ చోటు మరొకరికి దక్కుతుంది.